హోమ్‌లో ఉన్న పెద్దవాళ్ల కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఏం చేయాలి, కడితే ఎలా పసిగట్టాలి

ఈసారి అమ్మ ఉండే వృద్ధుల హోమ్‌కి వెళ్లినప్పుడు తెచ్చిన పళ్లు టేబుల్ మీద పెట్టి, ముందు అమ్మ కాళ్లు చూడండి. చీర మోకాళ్ల దాకా జరిపి, సాక్సులుంటే తీసి, రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక కాలు రెండోదాని కంటే లావుగా ఉందా? ఈ ఒక్క ప్రశ్న మీకు అలవాటు చేయాలనే ఇది రాస్తున్నాను.

మా అమ్మ చెన్నైలో తాంబరం దాటాక ఒక హోమ్‌లో ఉంటోంది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక అక్కడే కోలుకుంది. మూడో వారంలో ఎడమ పిక్క లాగుతోందని అంది. వాతం అనుకుని ఆయమ్మ రెండు పూటలా నూనె కాచి మర్దన చేసింది. ప్రేమతోనే చేసింది. ఆదివారం వెళ్లిన నేను కూడా వాపు చూశాను. రోజంతా కుర్చీలో కూర్చుంటోంది కదా, అందుకే అనుకుని కాలి కింద దిండు పెట్టి వచ్చేశాను. మంగళవారం ఫిజియోథెరపీ చేయించే అబ్బాయి టేపు తీసి రెండు పిక్కలూ కొలిచాడు. నాలుగు సెంటీమీటర్ల తేడా. ఆ సాయంత్రం కాలి రక్తనాళాలు చూసే డాప్లర్ స్కాన్ చేయిస్తే గడ్డ తొడ దాకా ఉంది. అదృష్టం, ఊపిరితిత్తుల్లోకి వెళ్లలేదు. అమ్మ ఇప్పుడు బాగుంది. కానీ ఆ రెండు రోజులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడ.

అసలు లోపల ఏం జరుగుతుంది

కాళ్లలోని రక్తం పైకి, గుండె వైపు ఎక్కాలి. దాన్ని పైకి నెట్టేది పిక్క కండ. మనం అడుగు వేసిన ప్రతిసారీ ఆ కండ బిగిసి లోతు సిరల్లోని రక్తాన్ని పైకి పిండుతుంది. నడక ఆగితే ఆ పంపు ఆగుతుంది, రక్తం నిలవ ఉంటుంది. గడ్డకట్టడానికి మూడు కారణాలని జర్మన్ వైద్యుడు విర్కో పేరు మీద వైద్య విద్యార్థులు ఇప్పటికీ చదువుకుంటారు: రక్తం నిలిచిపోవడం, రక్తనాళం గోడ దెబ్బతినడం, రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం. తుంటి ఆపరేషన్ అయి మంచం మీదున్న మనిషికి ఈ మూడూ ఒకేసారి వస్తాయి. పడుకునే ఉంటారు, కోత పడి ఉంటుంది, గాయం మానడానికి శరీరం గడ్డకట్టే పదార్థాలను ఎక్కువగా తయారుచేస్తుంటుంది.

కాలిలో ఇలా కట్టే గడ్డనే డాక్టర్లు డీవీటీ అంటారు. అది అక్కడే ఉంటే నొప్పి, వాపు. అందులో ఒక ముక్క తెగి ఊపిరితిత్తుల నాళానికి అడ్డం పడితే పల్మనరీ ఎంబాలిజం. అది నిమిషాల్లో ప్రాణం తీయగలదు. మనం భయపడాల్సింది దానికే.

రిస్క్ పెరిగే రోజులను క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి

వయసు పెరిగే కొద్దీ ఈ ముప్పు పెరుగుతుంది. అలాగని హోమ్‌లో ఉన్న ప్రతి పెద్దవారికీ ప్రతిరోజూ ఒకే ప్రమాదం ఉండదు. కొన్ని రోజులు మరీ గడ్డువి. మీరు జాగ్రత్తపడాల్సింది ఆ రోజుల్లో.

ఆస్పత్రి నుంచి డిశ్చార్జ్ అయిన తేదీ రాసుకుని, అక్కడి నుంచి 90 రోజులు లెక్కపెట్టండి. ఆస్పత్రిలో పడుకున్నందువల్ల వచ్చే గడ్డలను డాక్టర్లు డిశ్చార్జ్ తర్వాత మూడు నెలల వరకూ లెక్కలోకి తీసుకుంటారు. అంటే గడ్డ బయటపడేసరికి మనిషి ఆస్పత్రిలో ఉండకపోవచ్చు, హోమ్‌కి తిరిగి వచ్చి ఉండవచ్చు. ఆస్పత్రి వాళ్లు పంపించేశాం అనుకుంటారు, హోమ్ వాళ్లు ఆస్పత్రిలో అన్నీ చూసే ఉంటారనుకుంటారు. ఈ ఖాళీలో నిలబడాల్సింది మీరే.

తుంటి ఆపరేషన్ అయితే డిశ్చార్జ్ కాగితం చేతిలో పెట్టుకుని ఒక మాట తప్పక అడగండి: "గడ్డకట్టకుండా ఇంజెక్షన్ గానీ మాత్ర గానీ ఎన్ని రోజులు వాడాలి?" ఇలాంటి ఆపరేషన్ల తర్వాత సాధారణంగా నాలుగైదు వారాలు, అంటే 28 నుంచి 35 రోజుల దాకా ఇస్తారు. మా అమ్మ కాగితంలో ఆ మందు పది రోజులకే రాసి ఉంది. ఎందుకని నేను అడగలేదు. అడగాలని తెలియదు.

ఇవి కూడా గుర్తు పెట్టుకోవాల్సినవే: కిందపడి కాలికి కట్టు వేసిన రోజులు, న్యుమోనియా లేదా మూత్రంలో ఇన్ఫెక్షన్‌తో మంచం పట్టిన వారం, విరేచనాలతో ఒళ్లు ఎండిపోయినప్పుడు, పక్షవాతం వచ్చాక కదలని కాలు, గుండె బలహీనంగా ఉండి ఆయాసం పెరిగినప్పుడు. క్యాన్సర్ ఉన్నవారికి, ఇంతకుముందు ఒకసారి గడ్డ కట్టినవారికి ముప్పు ఎప్పుడూ ఎక్కువే. రొమ్ము క్యాన్సర్‌కి టామాక్సిఫెన్ వాడుతున్న అమ్మమ్మలు ఉంటే అది కూడా డాక్టర్‌కి చెప్పండి.

ఇదంతా చదివి "అయితే అందరికీ ముందే ఆ మందు ఇచ్చేయమందాం" అనిపించవచ్చు. నాకూ అనిపించింది. కానీ అది సరైన దారి కాదు. దీర్ఘకాలంగా హోమ్‌లో ఉంటున్నవారికి, కొత్తగా ఏ జబ్బూ రాకపోతే, ముందు జాగ్రత్త పేరుతో ఈ మందులు రొటీన్‌గా వద్దని అమెరికన్ సొసైటీ ఆఫ్ హెమటాలజీ 2018 మార్గదర్శకాల్లో సూచించింది. పెద్దవయసులో ఈ మందుల వల్ల రక్తస్రావం అయ్యే ప్రమాదం కూడా ఎక్కువ కదా. కాబట్టి మామూలు రోజుల్లో కదలిక, నీళ్లు, మన కన్ను. గడ్డు రోజుల్లో డాక్టర్‌తో మందు గురించి మాట.

ఇంకో అపోహ ఉంది. "అమ్మ ఎకోస్ప్రిన్ వేసుకుంటోంది, రక్తం పలుచగానే ఉంటుంది" అని చాలామంది ధీమాగా ఉంటారు. ఎకోస్ప్రిన్, అంటే ఆస్పిరిన్, ముఖ్యంగా గుండెపోటు, పక్షవాతం మళ్లీ రాకుండా ఇచ్చే మందు. అది వేసుకుంటున్నా కాలి సిరలో గడ్డ కట్టవచ్చు. దాన్ని నమ్ముకుని వాపును వదిలేయకండి.

రెండు నిమిషాల్లో కాళ్లు చూడటం ఎలా

వెలుతురున్న చోట కూర్చోబెట్టండి లేదా పడుకోబెట్టండి. ముందు కళ్లతో చూడండి: ఒక పిక్క ఉబ్బిందా, చర్మం బిగుసుకుని మెరుస్తోందా? మన చర్మపు రంగులో ఎరుపు సరిగా కనిపించదు. అది ముదురు రంగులోకో, ఊదా ఛాయలోకో మారినట్టు ఉంటుంది. ఆ తర్వాత చేతి వెనుక భాగంతో రెండు పిక్కలూ తాకండి. ఒకటి వేడిగా ఉందా? మెల్లగా నొక్కితే ముఖం చిట్లిస్తున్నారా?

తర్వాత టేపు. బ్లౌజు కొలతలకు వాడే టేపు చాలు. మోకాలి చిప్పకు కొంచెం కింద ముందువైపు ఎముక ఎత్తుగా తగులుతుంది. అక్కడి నుంచి పది సెంటీమీటర్లు కిందికి కొలిచి, ఆ ఎత్తులో పిక్క చుట్టుకొలత తీసుకోండి. రెండో కాలికీ అంతే. తేడా మూడు సెంటీమీటర్లు దాటితే డాక్టర్లు దాన్ని గట్టి అనుమానంగా తీసుకుంటారు. బాగున్నప్పుడే ఒకసారి కొలిచి తేదీతో ఫోన్‌లో రాసి పెట్టుకోండి. ఒకప్పుడు ఆపరేషన్ అయిన కాలు, పక్షవాతం వచ్చిన కాలు మామూలుగానే తేడాగా ఉంటాయి. అప్పుడు ఆ పాత కొలతే మీకు ఆధారం.

రెండు కాళ్లూ సమానంగా వాచి ఉంటే ఎక్కువసార్లు కారణం వేరే ఉంటుంది: గుండె, కిడ్నీ, రోజంతా కాళ్లు కిందికి వేలాడేసి కూర్చోవడం, లేదా బీపీకి వేసుకునే ఆమ్లోడిపిన్. అదీ డాక్టర్‌కి చూపించాల్సిందే గానీ, ఒక్క కాలి వాపు మాత్రం ఆ రోజే తేల్చుకోవాలి. అసలు వాపే లేకుండా కూడా గడ్డ ఉండవచ్చు. అందుకే టేపు బాగానే ఉందని నొప్పిని కొట్టిపారేయకండి.

మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లు నొప్పి అని చెప్పలేరు. నిన్నటి దాకా పట్టుకుంటే నిలబడిన మనిషి ఇవాళ ఆ కాలు మోపనంటున్నా, ప్యాంటు మారుస్తుంటే చేయి తోసేస్తున్నా, అదే వాళ్లు చెప్పే నొప్పి.

చెన్నైలో మనవాళ్లకి ఉన్న ఇంకో చిక్కు

అమ్మ తెలుగులో చెబుతుంది. ఆయమ్మకు తమిళమే వస్తుంది. రాత్రి డ్యూటీ అమ్మాయి ఒడిశా నుంచో జార్ఖండ్ నుంచో వచ్చి ఉంటుంది. "పిక్క పట్టేసింది, కాలు బరువెక్కింది" అన్న మాట రాత్రి పదకొండు గంటలకు ఎవరికి అర్థం కావాలి? మా అమ్మ విషయంలో సగం ఆలస్యం ఇక్కడే జరిగింది. నలభై ఏళ్లు కోడంబాక్కంలో కాపురమున్న మనిషి, తమిళం బాగానే వచ్చు. అయినా నొప్పి వచ్చేసరికి నోట తెలుగే వచ్చింది.

నేను చేసిన పని చెబుతాను. మంచం పక్కన గోడకు ఒక కాగితం అంటించాను. ఎడమ వైపు పెద్ద అక్షరాల తెలుగు, కుడి వైపు అదే మాట తమిళంలో, హిందీలో. "ఒక కాలు మాత్రం వాచింది": ఒరు కాల్ మట్టుం వీంగియిరుక్కు, ఏక్ పైర్ మే సూజన్ హై. "పిక్క నొప్పి": కెండైక్కాల్ వలి. "ఊపిరి ఆడట్లేదు": మూచ్చు విడ ముడియల, సాంస్ నహీ ఆ రహీ. కింద నా నంబరు, తమ్ముడి నంబరు, 108. తమిళం వైపు ఆ లిపి తెలిసినవాళ్ల చేత రాయించండి, చదవాల్సింది వాళ్లు కదా. ఆ కాగితంలో కాలి బొమ్మ గీసి పిక్క దగ్గర గుర్తు పెట్టాను. చదువు రాని ఆయమ్మ కూడా ఆ బొమ్మ మీద వేలు పెట్టి "ఇంగయా పాట్టీ?" (ఇక్కడా అమ్మమ్మా?) అని అడుగుతోంది ఇప్పుడు.

రోజూ జరగాల్సినవి

అన్నిటికంటే ముందు కదలిక. నడవగలిగినవాళ్లని నడిపించాలి, పడతారేమోనన్న భయంతో కుర్చీకి అంటగట్టకూడదు. పట్టుకుని బాత్రూమ్ దాకా నడిపిస్తే అదీ లెక్కే. నడవలేనివాళ్లు కూర్చునే పాదాలు ఆడించవచ్చు: మడమ నేల మీద ఉంచి వేళ్లు పైకి, తర్వాత వేళ్లు ఆనించి మడమ పైకి, ఒక్కో కాలికి పదిసార్లు, మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి. గంట చూసుకుని చేయమంటే ఎవరూ చేయరు. మా అమ్మకి టీవీ సీరియల్ మధ్యలో ప్రకటనలు వచ్చినప్పుడల్లా అని చెప్పాను. పక్క కుర్చీల్లో ఉన్న నలుగురు పెద్దవాళ్లు కూడా మొదలుపెట్టారు. అసలు కదల్చలేని కాలిని ఫిజియోథెరపిస్ట్ నేర్పిన పద్ధతిలో ఆయమ్మ చేత కదిలించాలి.

తర్వాత నీళ్లు. హోమ్‌లో పెద్దవాళ్లు కావాలనే తక్కువ తాగుతారు. మాటిమాటికీ బాత్రూమ్‌కి తీసుకెళ్లమని అడగడం మొహమాటం, డైపర్ తడవడం ఇంకా సిగ్గు. మే నెలలో కత్తిరి ఎండలకి ఆ తక్కువ నీళ్లు కూడా చెమటగా పోతాయి. ఎదురుగా జగ్గు పెడితే సరిపోదు, చేతికి గ్లాసు ఇచ్చి తాగేదాకా నిలబడాలి. మజ్జిగ, పల్చటి రసం, కొబ్బరినీళ్లు ఏవైనా సరే. గుండె, కిడ్నీ జబ్బులున్నవారికి మాత్రం రోజుకి ఎంత తాగాలో డాక్టర్ చెప్పిన లెక్కే పాటించండి. కిడ్నీ సరిగా లేనివారికి కొబ్బరినీళ్లు అడక్కుండా ఇవ్వకండి.

బిగుతు సాక్సుల గురించి. మెడికల్ షాపులో దొరుకుతాయి కదా అని కొని తొడిగేయకండి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి, కాళ్లకి రక్తం సరిగా అందనివారికి వాటివల్ల పుండ్లు పడతాయి. పక్షవాతం వచ్చినవారి మీద జరిగిన క్లాట్స్ అనే పెద్ద పరిశోధన ఫలితం 2009లో వచ్చింది. తొడ దాకా వచ్చే సాక్సులు వాళ్లలో గడ్డలు తగ్గించలేదు, చర్మం దెబ్బతినడం మాత్రం ఎక్కువైంది. డాక్టర్ చూసి రాస్తే, కొలత ప్రకారం కొంటే, రోజూ తీసి చర్మం చూస్తే అప్పుడు వేయండి.

పండక్కి ఇంటికి తీసుకెళ్తారా? తప్పకుండా తీసుకెళ్లండి. నాలుగు గంటలు దాటే ప్రయాణమైతే మధ్యలో దించి నడిపించాలి. నెల్లూరు వెళ్లేటప్పుడు సూళ్లూరుపేట దగ్గర కారు ఆపి పదడుగులు వేయించండి. విజయవాడ రైలైతే సీట్లోనే పాదాలు ఆడించమనండి. ఆపరేషన్ అయిన కొత్తలో ఐతే ప్రయాణం గురించి ముందు డాక్టర్‌ని అడగండి.

అనుమానం వచ్చిన రోజు

ఒక కాలు వాచింది, నొప్పి ఉంది, ఊపిరి మామూలుగా ఉంది అనుకుందాం. అదే రోజు చూపించాలి. ఆదివారమైతే ఎమర్జెన్సీకి వెళ్లండి, సోమవారం ఓపీ కోసం ఆగకండి. నూనె మర్దన, వేడి కాపడం, గట్టిగా క్రేప్ బ్యాండేజ్ కట్టడం ఏదీ వద్దు. మర్దనకి గడ్డ తెగి కదిలే ప్రమాదం ఉంది. పక్క గదిలో ఎవరికో రాసిన మాత్రలు ఒకటి వేసేయడం అసలే వద్దు.

డాక్టర్ సాధారణంగా కాలికి డాప్లర్ స్కాన్ రాస్తారు. నొప్పి లేని స్కాన్, కడుపుతో ఉన్నవాళ్లకి చేసే స్కాన్ లాంటిదే, జెల్లీ రాసి చేస్తారు. డీ-డైమర్ అనే రక్తపరీక్ష కూడా వినబడుతుంది. పెద్దవయసులో అది గడ్డ లేకపోయినా ఎక్కువగా చూపిస్తుంది. అందుకే యాభై దాటినవారికి వయసును పదితో హెచ్చించి ఆ అంకెను హద్దుగా తీసుకునే పద్ధతి ఉంది: ఎనభై ఏళ్లవారికి 500 బదులు 800. రిపోర్టులో ఎర్రగుర్తు చూసి టెన్షన్ పడకండి. అనుమానం తక్కువగా ఉన్నప్పుడు గడ్డ లేదని తేల్చడానికి ఆ పరీక్ష బాగా పనికొస్తుంది గానీ, ఉందని తేల్చడానికి పనికిరాదు.

హఠాత్తుగా ఆయాసం వచ్చినా, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పొడిచినట్టున్నా, దగ్గితే రక్తం పడినా, కళ్లు తిరిగి పడిపోయినా, నాడి ఉన్నట్టుండి వేగంగా కొట్టుకుంటున్నా ఒక్క నిమిషం ఆలోచించకుండా 108. పెద్దవాళ్లలో ఒక్కోసారి ఇవేవీ స్పష్టంగా ఉండవు, ఉన్నట్టుండి అయోమయంగా మాట్లాడతారు, నీరసించిపోతారు. కరోనా రోజుల్లో కొన్న ఆక్సిమీటర్ హోమ్‌లో ఉంటే పెట్టి చూడండి. ఎప్పుడూ 96, 97 ఉండేవారికి హఠాత్తుగా 92కి పడితే అది ఎమర్జెన్సీ. అంకె బాగుందని ఆయాసాన్ని మాత్రం వదిలేయకండి. బండి వచ్చేదాకా వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టండి, నడిపించకండి.

తీసుకెళ్లాల్సిన కవరు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి: డిశ్చార్జ్ కాగితం, వేసుకుంటున్న మందుల చీటీ, ఈ మధ్య చేసిన క్రియాటినిన్ రిపోర్టు, బరువు ఎంతో రాసిన కాగితం. క్రియాటినిన్ ఎందుకంటే ఊపిరితిత్తుల సీటీ స్కాన్‌కి ఇచ్చే రంగు మందూ, గడ్డకి ఇచ్చే చాలా మందుల మోతాదూ కిడ్నీ పనితీరు చూసి నిర్ణయిస్తారు. హోమ్‌కి దగ్గరలో రాత్రి కూడా సీటీ స్కాన్ పనిచేసే ఆస్పత్రి ఏదో ఇవాళే కనుక్కోండి. గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో 2024లో మొదలైన నేషనల్ సెంటర్ ఫర్ ఏజింగ్ వృద్ధుల కోసమే కట్టిన ప్రభుత్వ ఆస్పత్రి. తీరిగ్గా అన్ని జబ్బులూ, అన్ని మందులూ ఒకసారి చూపించుకోవడానికి మంచి చోటు. కానీ ఆయాసంతో ఉన్న మనిషిని ఊరు దాటించి అక్కడికే తీసుకెళ్లాలని చూడకండి. దగ్గరి ఎమర్జెన్సీకే వెళ్లండి.

మందు మొదలయ్యాక

గడ్డ అని తేలితే కనీసం మూడు నెలలు మందు. కొందరికి ఇంకా ఎక్కువ. వాపు తగ్గిందని, మాత్రలు అయిపోయాయని మధ్యలో ఆపితే మళ్లీ మొదటికి వస్తుంది. అపిక్సబాన్ లాంటివి రోజుకి రెండు పూటలు వేయాలి, ఒంట్లో ఎక్కువసేపు ఉండవు. శనివారం స్ట్రిప్ అయిపోయి సోమవారం దాకా లేకపోవడం అనేది జరగకూడదు. నేను ఎప్పుడూ పది రోజుల మాత్రలు ఎక్కువే పెట్టి వస్తాను.

హోమ్‌లో మింగలేనివారికి అన్ని మాత్రలూ నూరి పెరుగన్నంలో కలిపేస్తారు. ఈ మందుకి ముందు అడగాలి. డాబిగాట్రాన్ క్యాప్సూల్ విప్పి పొడి ఇవ్వకూడదు. రివరాక్సబాన్ 15, 20 మిల్లీగ్రాముల మాత్రలు అన్నంతోనే వేయాలి, పరగడుపున వేస్తే సరిగా పట్టదు. వార్ఫరిన్ లేదా ఎసిట్రోమ్ ఇస్తే ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్ష చేయిస్తూ ఉండాలి, ఈ జబ్బుకి సాధారణంగా 2, 3 మధ్య ఉండాలి. ఆ మాత్ర వేసుకునేవాళ్లు ఆకుకూరలు మానక్కర్లేదు. పాలకూర, తోటకూర, మునగాకు వారం వారం దాదాపు ఒకే లెక్కన తినాలి, అంతే. కొత్తగా యాంటీబయాటిక్ రాసినప్పుడల్లా, ముఖ్యంగా మెట్రోనిడజోల్ లాంటివి, "ఎసిట్రోమ్ వాడుతోంది" అని చెప్పాలి.

నొప్పులకి హోమ్‌లో డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ ఇచ్చే అలవాటుంటే డాక్టర్ని అడక్కుండా ఇవ్వొద్దని ఫైల్ మీద ఎర్ర ఇంకుతో రాయించండి. నాటు మందులు, వెల్లుల్లి క్యాప్సూల్స్ కూడా దాచకుండా డాక్టర్‌కి చూపించండి. నల్లగా తారులా విరేచనం, మూత్రంలో ఎరుపు, ఆగని ముక్కు రక్తం ఉంటే వెంటనే ఫోన్ చేయాలి. ఈ మందు మీదున్న మనిషి పడి తలకి దెబ్బ తగిలితే పైకి గాయం లేకపోయినా ఆస్పత్రికి వెళ్లాలి. ఈ చివరి మాట రాత్రి డ్యూటీ అమ్మాయికి మీరే స్వయంగా చెప్పండి, మేనేజర్ చెబుతారులే అనుకోకండి.

హోమ్ వాళ్లతో మాట్లాడేటప్పుడు

నిందతో మొదలుపెట్టకండి. ఒక్కో ఆయమ్మ మీద ఎనిమిది, పదిమంది భారం ఉంటుంది. స్నానం చేయించేటప్పుడు రెండు కాళ్లూ చూసి చార్టులో ఒక టిక్ పెట్టమని అడగండి, అది వాళ్లకి అరనిమిషం పని. వాపు కనిపిస్తే ఎవరికి చెప్పాలి, మీకు ఎన్ని గంటల్లోగా ఫోన్ రావాలి అన్నది మేనేజర్‌తో రాతపూర్వకంగా తేల్చుకోండి. ఎంత అడిగినా పట్టించుకోకపోతే పెద్దవాళ్ల కోసం ఉన్న 14567 ఎల్డర్‌లైన్‌కి ఫోన్ చేయవచ్చు, డబ్బులు పడవు.

మా అమ్మకి మాత్రలు ఆపి ఇప్పుడు ఏడు నెలలు. ఆదివారాలు నేను వెళ్లగానే తనే చీర జరిపి "చూడవే అమ్మాయీ" అంటూ కాళ్లు చాపుతుంది. టేపు ఆవిడ దిండు కింద ఉంటుంది.